మా టైప్ విమానాలన్నీ అమ్మేస్తున్నారు, కొత్త టైప్‌కి 24 నెలల బాండ్ అంటున్నారు. సంతకం పెట్టాలా?

ఎడమసీటు:

అందరికీ నమస్తే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో మీకు తెలుసు. అమెరికాలో ఒక ప్రైవేట్ జెట్ కంపెనీ, పార్ట్ 135 (అద్దె విమానాల రూల్స్) కింద చార్టర్ పని, జెట్ కార్డులు (ముందే డబ్బు కట్టి ఫ్లయింగ్ గంటలు కొనుక్కునేవి) కూడా అమ్ముతారు. నేను చేరినప్పుడు దగ్గర దగ్గర 40 విమానాలు ఉండేవి. ఇప్పుడు ఎగిరేవి 22. అందులో నేను కెప్టెన్‌గా నడిపే పాత మిడ్‌సైజ్ జెట్లు 7, మిగతా 15 కొత్త టైప్, అంటే వేరే మోడల్. ఆ 7 కూడా ఏడాది చివరికల్లా అమ్మేస్తామని పోయిన వారం మెయిల్ వచ్చింది.

మెయిల్‌లో మాకు మూడు దారులు చూపించారు. జీతం లేకుండా 6 నెలల వాలంటరీ లీవ్, లేదంటే రెండు నెలల జీతం తీసుకుని వెళ్లిపోవడం, అదీ కాదంటే కొత్త టైప్‌కి ఫస్ట్ ఆఫీసర్‌గా (కుడి సీటులో కో-పైలట్‌గా) మారడం. ట్రైనింగ్ ఖర్చు కంపెనీదే, కానీ 24 నెలల బాండ్ రాసివ్వాలి, అంటే ఈలోపు ఉద్యోగం ముగిస్తే ఆ ఖర్చు నేను తిరిగి కట్టాలి. ఏ సంగతీ 15 రోజుల్లో చెప్పేయాలట.

నన్ను బాగా కలవరపెట్టింది ఏంటంటే, సీనియారిటీ లిస్టులో నా కింద ఇంకా 30 మంది దాకా ఉన్నారు, కాబట్టి కోత మొదలైతే వాళ్ల నుంచే మొదలవుతుంది, నా దాకా రావడానికి టైం పడుతుందని నేను ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే కొత్త టైప్ మీద మొన్న చేరిన కుర్రాళ్లకి ఏ మెయిలూ రాలేదు, మా టైప్‌లో పదేళ్ల నుంచి ఉన్నవాళ్లకి కూడా వచ్చింది. యూనియన్ లేదు. హ్యాండ్‌బుక్‌లో సీనియారిటీ గురించి ఒక పేరా ఉంది గానీ చివర "కంపెనీ అవసరాలను బట్టి" అని తగిలించారు, దాంతో పైన రాసిందంతా ఎగిరిపోయినట్టే.

కెప్టెన్‌గా ఉన్నవాడిని మళ్లీ కుడి సీటుకి వెళ్లడం కష్టంగానే ఉంది, అది దిగమింగుకోగలను. బాండ్ మీద సంతకం పెట్టాక ఆరు నెలలకి నన్నే తీసేస్తే ఏంటి పరిస్థితి? ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాత్రిషిఫ్ట్:

నేను పైలట్‌ని కాదు. ఇలాంటి కంపెనీలోనే క్రూ ప్లానింగ్‌లో తొమ్మిదేళ్లు పని చేశాను, కోతకి ముందు వేసే లెక్క రెండుసార్లు నా చేతే వేయించారు. పైనుంచి వచ్చే మెయిల్‌లో ఎన్ని తియ్యని మాటలు ఉన్నా కింద ఉండే లెక్క ఒక్కటే అన్నా, విమానానికి ఎంతమంది పైలట్లు కావాలి అని.

విమానంలో ఇద్దరు. ఏడు రోజులు డ్యూటీ, ఏడు రోజులు ఇల్లు అనే పద్ధతిలో ఒక విమానం రోజూ ఎగరాలంటే నలుగురు కావాలి. ఇది కనీసం. సిమ్‌కి (సిమ్యులేటర్ ట్రైనింగ్‌కి) వెళ్లేవాళ్లు, సెలవుల్లో ఉన్నవాళ్లు, జ్వరం వచ్చినవాళ్లు కలిపితే ఐదుగురు అనుకో. మీ 22 విమానాలకి కనీస లెక్క 88. మీ 7 పోతే 15 విమానాలకి 60. ఆ 28 మందిని ఎలా వదిలించుకోవాలా అనేదే వాళ్ల ముందున్న పని, లీవ్ అన్నా ప్యాకేజీ అన్నా దాని కోసమే.

ఇంకోటి, ఇది ఎవరూ బయటికి చెప్పరు. షెడ్యూల్‌ని 7-7 నుంచి 8-6కి (ఎనిమిది రోజులు డ్యూటీ, ఆరు రోజులు ఇల్లు) మారిస్తే విమానానికి నలుగురు కాకుండా మూడున్నర మంది చాలు. 22 విమానాల మీద 11 మంది తగ్గిపోతారు, ఒక్కరికీ లేఆఫ్ లెటర్ ఇవ్వకుండానే. వెళ్లిపోయినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోరు, అంతే.

ఇక సీనియారిటీ సంగతి. యూనియన్ కాంట్రాక్ట్ లేని చోట కోత టైప్‌ని బట్టే పడుతుంది. నిన్ను కొత్త టైప్‌లోకి తెచ్చి అక్కడున్న జూనియర్‌ని తీసేయాలంటే నీకు సిమ్ స్లాట్ కొనాలి, కొన్ని వారాలు నువ్వు ట్రిప్పులు ఎగరవు, ఆ తర్వాత చెక్ రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష). జూనియర్‌ని ఉంచేస్తే వాళ్లకి పైసా ఖర్చు లేదు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ నీ కింద ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టుకోవడం మానేయ్, నువ్వు నడిపే విమానాలు ఎన్ని ఉన్నాయో అది లెక్కపెట్టు.

ఎడమసీటు:

రాత్రిషిఫ్ట్ గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మాకు వేసవికి ముందే 8-6కి మార్చారు. "మీ జీవన నాణ్యత కోసం" అని ఒక ప్రెజెంటేషన్ కూడా ఇచ్చారు. నేను చప్పట్లు కొట్టాను.

పాతగాయం:

తమ్ముడూ, 2009 తర్వాత నేనూ ఇలాగే ఇంట్లో కూర్చున్నవాడినే. ఆ ఆర్థిక సంక్షోభంలో చిన్నాపెద్దా అందరూ కోసేశారు. నెట్‌జెట్స్ లాంటి అతి పెద్ద ప్రైవేట్ జెట్ కంపెనీయే, అదీ బెర్క్‌షైర్ హాథవే చేతిలో ఉన్న కంపెనీ, 2010 మొదట్లో 495 మంది పైలట్లని ఫర్లో మీద (మళ్లీ పిలుస్తామని చెప్పి, జీతం ఆపి) ఇంటికి పంపింది. వాళ్లకి యూనియన్ ఉంది, కాంట్రాక్ట్ ఉంది, మళ్లీ పిలవాల్సిన వరస కూడా ఉంది. అలా పిలవడానికే ఏళ్లు పట్టింది. అంత కట్టుదిట్టంగా ఉన్నచోటే అలా జరిగితే, హ్యాండ్‌బుక్‌లో ఒక పేరా నమ్ముకున్న మన సంగతి చెప్పాలా.

నాకు అప్పుడు ఎవరూ చెప్పని నాలుగు ముక్కలు చెప్తాను.

"వాలంటరీ" అనే మాట చూసి జాగ్రత్త. నిన్ను తీసేస్తే నిరుద్యోగ భృతికి అప్లై చేసుకోవచ్చు. నీ ఇష్టంతో లీవ్ తీసుకున్నట్టు సంతకం పెడితే ఆ భృతి రాకుండా పోయే అవకాశం ఉంది, ఇది ఒక్కో స్టేట్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ స్టేట్ ఆఫీసుని ముందే అడుగు. నేను అడక్కుండా సంతకం పెట్టి, రెండు నెలలు ఆశతో ఎదురుచూసి, చివరికి రిజెక్ట్ లెటర్ అందుకున్నాను.

ఆ 6 నెలలు అనే అంకె కూడా ఊరికే వేసింది కాదు. వార్న్ చట్టం ప్రకారం 100 మంది పైన ఉద్యోగులున్న కంపెనీ ఒకే చోట పెద్ద ఎత్తున తీసేస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ 6 నెలలు దాటని లేఆఫ్‌ని ఆ చట్టం ఉద్యోగం పోయినట్టు లెక్కలోకి తీసుకోదు. సొంత ఇష్టంతో వెళ్లినవాళ్లనీ లెక్కెయ్యదు. ఇప్పుడు అర్థమైందా ఆ మెయిల్ ఎవరు రాశారో? హెచ్‌ఆర్ కాదు, లాయర్.

ఇంకో తిరకాసు "ఒకే చోట" అన్న మాట. మనం ఇంటి నుంచి ఎయిర్‌లైన్ ఎక్కి విమానం ఎక్కడుంటే అక్కడికి పోతాం, కాబట్టి మీరంతా చెల్లాచెదురుగా ఉన్నారు, ఈ చట్టం మీకు వర్తించదు అని కంపెనీ వాదించొచ్చు. కానీ నిబంధనల్లో ఊళ్లు తిరిగే ఉద్యోగుల గురించి వేరే రాసి ఉంది. వాళ్లకి బేస్‌గా చూపించిన చోటు, లేదా పని ఎక్కడి నుంచి అప్పగిస్తారో ఆ చోటు, లేదా ఎక్కడ రిపోర్ట్ చేస్తారో ఆ చోటు వాళ్ల సైట్ కింద లెక్క. మీ ఆపరేషన్స్ సెంటర్ ఒకటే కదా? లాయర్‌తో ఒక గంట మాట్లాడు, దానికయ్యే ఖర్చు దండగ కాదు.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో, కోబ్రా అనే చట్టం కింద మామూలుగా 18 నెలలు అదే ప్లాన్ కొనసాగించుకోవచ్చు, కానీ ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా నీ నెత్తినే పడుతుంది, పైన 2 శాతం అదనం. ఇంట్లో పిల్లలుంటే ఆ బిల్లు చూసి గుండె ఆగినంత పని అవుతుంది, ముందే కనుక్కో.

బాయ్‌టుఎయిర్‌లైన్:

ఇంత చర్చ దేనికి బ్రో? మునిగే పడవలో సీటు మార్చుకుంటే లాభం ఏంటి? ఈ రోజే ఎయిర్‌లైన్స్‌కి అప్లై చెయ్. నేను చార్టర్‌లో నాలుగేళ్లు చేసి రీజనల్ ఎయిర్‌లైన్‌కి వెళ్లాను, జీతం మొదట్లో తగ్గింది, నిజమే. కానీ అక్కడ సీనియారిటీ నంబర్ అంటే నంబరే, చేరిన రోజు నుంచి లెక్క, ఏ మేనేజర్ మెయిల్‌తోనూ మారదు. బాండ్ రాసిచ్చి రెండేళ్ల తర్వాత వెళ్తే నీ కంటే ముందు ఎన్ని వందల మంది చేరిపోయి ఉంటారో ఆలోచించుకో.

సిమ్‌గది:

పై మాటలో సగమే ఒప్పుకుంటాను. నేను ట్రైనింగ్ సెంటర్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని, కంపెనీలు కుదించుకున్నప్పుడల్లా మా దగ్గరికి వచ్చే కెప్టెన్ల ముఖాలు చూస్తుంటాను. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూ పిలుపు రావడానికీ, క్లాస్ డేట్ రావడానికీ మధ్య ఎన్ని నెలలు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఆ నెలల్లో నీ కరెన్సీ, అంటే ఎగరడానికి గడువు లోపల ఉండాల్సిన చెక్‌లు, ల్యాండింగ్‌లు, కరిగిపోతుంది. పార్ట్ 135 కెప్టెన్‌కి ఇన్‌స్ట్రుమెంట్ ప్రొఫిషియెన్సీ చెక్ 6 నెలలకోసారి, కాంపిటెన్సీ చెక్ 12 నెలలకోసారి. ప్యాసింజర్లతో ఎగరాలంటే 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు. ఇంట్లో కూర్చుంటే ఇవన్నీ ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎగురుతున్న పైలట్‌ని తీసుకున్నంత సులువుగా ఎగరని పైలట్‌ని ఎవరూ తీసుకోరు.

అందుకే ఎడమసీటు గారూ, కుడి సీటు అని చిన్నబుచ్చుకోకండి. ఒక్క ప్రశ్న మాత్రం రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఇప్పించేది పూర్తి పీఐసీ (కెప్టెన్) టైప్ రేటింగా, అంటే ఆ మోడల్ నడిపే అర్హతా, లేక ఎస్ఐసీ (కో-పైలట్) వరకే పనికొచ్చే రేటింగా? రెండూ లైసెన్స్ మీద పడతాయి, కానీ రెండోదాని పక్కన "ఎస్ఐసీ ప్రివిలేజెస్ ఓన్లీ" అని రాసి ఉంటుంది, దాంతో రేపు ఇంకో కంపెనీలో అదే విమానానికి కెప్టెన్‌గా వెళ్లలేరు. పూర్తి రేటింగ్ అయితే ఈ కంపెనీ రేపు మూతపడినా అది మీ జేబులోనే ఉంటుంది, ఎవరూ వెనక్కి లాక్కోలేరు. ఎస్ఐసీ రేటింగ్‌కి 24 నెలల బాండ్ అంటే మాత్రం నా లెక్కలో సంతకం పెట్టే ప్రసక్తే లేదు.

సిమ్‌కి వచ్చేముందు చదువుకుని రండి. ఇలా చెప్తున్నానని ఏమీ అనుకోకండి. ఉద్యోగం టెన్షన్‌తో, పొద్దున భార్యతో ఫోన్లో గొడవపడి, మధ్యాహ్నం వీ1 కట్‌లో (టేకాఫ్ మధ్యలో ఇంజిన్ ఆగిపోయే పరీక్షలో) తడబడిన మంచి కెప్టెన్లని చూశాను. చెక్ ఫెయిల్ అయితే ఆ రికార్డ్ ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లోకి వెళ్తుంది, తర్వాత మిమ్మల్ని తీసుకోవాలనుకునే ప్రతి ఎయిర్‌లైనూ దాన్ని చూస్తుంది. 2009లో బఫలో దగ్గర కోల్గన్ అనే ఎయిర్‌లైన్ విమానం కూలిన తర్వాత చేసిన చట్టం వల్ల వచ్చిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే, కానీ నిద్ర లేని వారంలో చెక్ రైడ్ పెట్టుకునేవాడికి మాత్రం కాదు.

బాయ్‌టుఎయిర్‌లైన్:

సరే, ఎగురుతూనే అప్లై చెయ్ అంటే నాకూ ఓకే. కానీ బాండ్ ఉంటే ఎలా వెళ్తాడు?

పాతగాయం:

బాండ్ అంటే కాళ్లకి గొలుసు కాదు, అప్పు పత్రం. అందులో రాతని బట్టి ఉంటుంది. నేను సంతకం పెట్టినదాంట్లో "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉంది. ఏ కారణం చేతనైనా. అంటే వాళ్లు నన్ను తీసేసినా డబ్బు నేనే కట్టాలి! లేఆఫ్ లెటర్ వచ్చిన మూడు వారాలకి రికవరీ నోటీసు వచ్చింది, గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా. చివరికి లాయర్ ఉత్తరం రాశాక ఊరుకున్నారు గానీ ఆ రెండు నెలలూ నాకు నిద్ర లేదు.

కాబట్టి చూడాల్సింది, లేఆఫ్ అయినా ఫర్లో అయినా విమానాలు అమ్మేసినా బాండ్ రద్దు అవుతుందని స్పష్టంగా ఉందా లేదా. పని చేసిన ప్రతి నెలకీ అప్పు 24లో ఒక వంతు తగ్గుతుందా, లేక 23వ నెలలో వెళ్లినా మొత్తం కట్టాలా. కంపెనీని ఇంకొకరు కొంటే ఆ అప్పు వాళ్లకి బదిలీ అవుతుందా. చివరి జీతంలోంచి కోసుకునే హక్కు రాసుకున్నారా. ఒక పెన్ను తీసుకుని ఆ పత్రం మీదే మార్పులు రాసి పంపు. మహా అయితే కుదరదు అంటారు.

డ్యూటీడే8:

నేను ప్రస్తుతం ఇలాంటి కంపెనీలోనే ఉన్నాను, కోత తర్వాత మిగిలినవాళ్లలో ఒకడిని. మిగిలాం కదా అని సంబరపడకండి. ఇద్దరి పని ఒకడి మీద పడుతుంది. రెస్ట్‌లో ఉన్నప్పుడు ఫోన్ చేసి "ఊరికే అడుగుతున్నా, రెండు గంటల్లో రాగలవా" అంటారు. ఇద్దరు పైలట్ల క్రూకి 24 గంటల్లో 10 గంటల ఫ్లైట్ టైమే మించకూడదు, డ్యూటీకి ముందు 10 గంటల రెస్ట్ ఉండాలి. ఫోన్ మోగితే ఎత్తాలి, వెంటనే బయల్దేరాలి అనే షరతు ఉంటే అది రెస్ట్ కాదని ఎఫ్ఏఏ లాయర్లు ఎప్పుడో తేల్చి చెప్పారు. అన్నిటికంటే ముఖ్యం, కంపెనీ అలాంటి డ్యూటీ ఇవ్వకూడదు అని మాత్రమే కాదు, పైలట్ ఒప్పుకోకూడదు అని కూడా రూల్‌లో ఉంది. రేపు ఏదైనా జరిగితే మీ లైసెన్స్ కూడా పోతుంది, షెడ్యూలర్‌కి ఏమీ కాదు. (రాత్రిషిఫ్ట్ గారూ, మిమ్మల్ని అనట్లేదు.)

ఇంకో మాట. కంపెనీ నిజంగా కుదురుకుంటోందా, లేక కొనఊపిరితో ఉందా అనేది మెయిల్స్‌లో తెలియదు, ర్యాంప్ మీద (విమానాలు నిలిపే చోట) తెలుస్తుంది. ఫ్యూయెల్ కార్డ్ కొట్టగానే ఎఫ్‌బీఓ (ఎయిర్‌పోర్టులో ఫ్యూయెల్ అమ్మే కంపెనీ) వాళ్లు ఇబ్బందిగా నవ్వి "ఇంకో కార్డ్ ఉందా కెప్టెన్" అంటే, ఒక విమానంలోంచి పార్ట్ పీకి ఇంకోదానికి బిగిస్తుంటే, మీరు ఖాళీగా ఇంట్లో ఉన్నప్పుడు మీ కంపెనీ ట్రిప్పులు బయటి ఆపరేటర్లకి వెళ్తుంటే, ఆ మూడూ ఒకేసారి కనపడితే బాండ్ గురించి కాదు, చివరి జీతం గురించి ఆలోచించాలి. అవంటైర్ అనే ప్రైవేట్ జెట్ కంపెనీ ఇలాగే 2012లో మెయింటెనెన్స్ గొడవతో విమానాలన్నీ కొన్నాళ్లు నేల మీద నిలిపి, మళ్లీ ఎగిరి, 2013లో మొత్తానికే మూసేసింది. అలాగని కుదించుకున్న ప్రతి కంపెనీ పోతుందని కాదు. వీల్స్ అప్ అనే ఇంకో ప్రైవేట్ జెట్ కంపెనీ 2023లో డబ్బు అయిపోయే దశకి వచ్చి, డెల్టా ఎయిర్‌లైన్స్, ఇంకొందరు ఇన్వెస్టర్లు కలిసి 500 మిలియన్ డాలర్లు సర్దడంతో నిలబడింది, ఆ తర్వాత రకరకాల విమానాలు వదిలించుకుని రెండు టైప్‌ల మీదకి వస్తామని ప్రకటించింది. పాత టైప్ వదిలేయడం ఒక్కటే చూస్తే చచ్చే కంపెనీ, బతికే కంపెనీ రెండూ చేసే పనే.

ఎడమసీటు:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. మూడు రోజులు పట్టింది జవాబు రాయడానికి, ఎందుకంటే చెప్పిన పనులన్నీ చేశాను.

రేటింగ్ పీఐసీదే అని చీఫ్ పైలట్ మెయిల్‌లో రాసిచ్చాడు, అది మొదటి ఊరట. బాండ్ పత్రం మీద మార్పులు రాసి పంపితే లేఆఫ్ అయితే రద్దు అనే మాటకి ఒప్పుకున్నారు, ఆశ్చర్యంగా పెద్దగా వాదించలేదు కూడా. నెలనెలా తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు, ఆరు నెలలకోసారి నాలుగో వంతు తగ్గిస్తారట. "ఏ కారణం చేతనైనా" అనే మాట నా పత్రంలోనూ ఉంది పాతగాయం గారూ, అక్షరం తేడా లేదు. ఆ లాయర్లందరూ ఒకే చోట కొంటారేమో.

ఫ్యూయెల్ కార్డ్ ఇప్పటిదాకా ఎప్పుడూ ఆగలేదు. పార్టులు పీకడం ఉంది, కానీ అది మా పాత టైప్‌లోనే, అమ్మేసేవాటికి ఎవరు కొత్త పార్టులు కొంటారు. ట్రిప్పులు బయటికి వెళ్తున్నాయి, అది మాత్రం నిజం, ఈ నెలలో నేనే నాలుగు రోజులు డ్యూటీలో ఉండి హోటల్లో కూర్చున్నాను.

ఎయిర్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపడం మొదలుపెట్టాను. పదేళ్ల అడ్రస్‌లన్నీ అడుగుతున్నారు, సగం గుర్తు లేవు.

రాత్రిషిఫ్ట్:

మంచి పని చేశావన్నా. సంతకం పెట్టేముందు ఇంకొక్కటి. ఆ 15 కొత్త విమానాలు కంపెనీ సొంతమా, లీజువా, లేక ఎవరైనా ఓనర్లు మేనేజ్‌మెంట్‌కి ఇచ్చినవా? టెయిల్ నంబర్లు (విమానాల రిజిస్ట్రేషన్ నంబర్లు) ఒక్కొక్కటీ ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో కొట్టి చూడు, ఎవరి పేరు మీద ఉందో ఎవరికైనా కనపడుతుంది. ఓనర్ ఇచ్చిన విమానాన్ని ఓనర్ ఎప్పుడైనా తీసుకెళ్లిపోగలడు, అప్పుడు నేను చెప్పిన 60 మళ్లీ మారిపోతుంది.

ఎడమసీటు:

ఇప్పుడే చూశాను. 15లో 9 కంపెనీ పేరు మీదే ఉన్నాయి. 4 ఒక బ్యాంక్ ట్రస్టీ పేరు మీద, 2 ఎవరివో ఎల్‌ఎల్‌సీల (ప్రైవేట్ కంపెనీల) పేరు మీద. అంటే నా లెక్కలో 9 అనుకోవాలా, 13 అనుకోవాలా?

రాత్రిషిఫ్ట్:

ట్రస్టీ పేరు మీద ఉన్నవి లీజు కావచ్చు, వేరే ఏర్పాటు కావచ్చు, ఆ కాగితం చూస్తే తెలియదు. ఆ నాలుగింటి లీజు ఎప్పటిదాకా ఉందో చీఫ్ పైలట్‌ని అడుగు. జవాబు చెప్తే 13 అనుకో. మాట దాటేస్తే 9.